జూన్ 1న పుట్టిన ఊరు

ఇచ్ఛాపురం చుట్టుపక్కల ఏ బడిలోనైనా పాత అడ్మిషన్ రిజిస్టరు తిరగేయండి. సగం ఊరు జూన్ 1న పుట్టినట్టుంటుంది. మంత్రసానుల మహిమ కాదు, పంతుళ్ల చలవ. బడి తెరిచే నాటికి పిల్లాడికి అయిదేళ్లు నిండాలి. నిండకపోతే పంతులుగారే నింపేవారు.

మా వీధిలో వెల్డరు కుర్రాడొకడు ఉన్నాడు. గల్ఫు కంపెనీ రమ్మంది, పోలీసు క్లియరెన్స్ తెమ్మంది. ఆధార్‌లో ఒక పుట్టినతేదీ, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకొకటి. ఎంక్వయిరీకి వచ్చినాయన తల్లిని అడిగాడు.

"గోపాల్‌పూర్ తుఫానుకి పుట్నాడు బావూ. దసరా రెండ్రోజులుందనగా. రేకులెగిరిపోనాయి, ఈడు పడ్డాడు. నానెలాగ మర్సిపోతాను?"

ఆ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 1999 అక్టోబరు 17న. ఆధార్ క్యాంపులో ఆవిడ చెప్పిన తేదీ కూడా అదే. వాతావరణ శాఖ, పంచాంగం, కన్నతల్లి ఒకే మాట మీదున్నారు. కానీ టెన్త్ సర్టిఫికెట్‌లో 1999 జూన్ 1. పురుడు జరిగినప్పుడు తల్లి అక్కడే ఉన్నా ఆవిడ సాక్ష్యం చెల్లదు. అక్కడ లేని పంతులుగారి రాత చెల్లుతుంది.

2024 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఒక రోడ్డు ప్రమాదం పరిహారం కేసులో, వయసుకు ఆధార్ రుజువు కాదనీ బడి సర్టిఫికెట్టే నయమనీ తేల్చింది. కోర్టును అనడానికేం లేదు. వారికి మా పంతుళ్లతో పరిచయం లేదు.

పేరు సంగతి ఇంకో పురాణం. వాసుదేవరావు బరంపురం వెళ్లి చదివితే బాసుదేబ్ అయి తిరిగొస్తాడు. ఒడియా నోట 'వ' అంటే 'బ'. ఇంటిపేరు తెలుగు కాగితంలో ముందు నడుస్తుంది, ఇంకో కాగితంలో వెనకపడుతుంది. ఇలా ఒకడు ముగ్గురవుతాడు. ముగ్గురు ఒకడవడమూ ఉంది. తాత పేరు మనవలందరికీ పెట్టుకునే ఊళ్లు మావి. పెదనాన్న కొడుకు పేకాటలో దొరికాడనుకోండి, ఉద్యోగమిచ్చే ముందు కోర్టు సైటులో పేరు కొట్టి చూసిన హైదరాబాదు కంపెనీకి చిన్నాన్న కొడుకే జూదరిగా కనబడతాడు. వాడికి రాజూ రాణీ తేడా తెలీదు పాపం!

స్థిర నివాసం అన్న గడి దగ్గర మా తాతల తరం పూర్తిగా అనుమానాస్పదం. పుట్టింది మద్రాసు రాష్ట్రం గంజాం జిల్లాలో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి గంజాం అటు పోతే, వీళ్లు విశాఖపట్నం జిల్లాలో తేలారు. 1950లో శ్రీకాకుళం జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. ఇన్ని చోట్ల కాపురమున్న ఆ మనుషులు బాహుదా నది ఒడ్డున అరుగు దిగి ఎరగరు. నాయకులేమో వందల కోసులు పాదయాత్ర చేసి మా ఊరొచ్చి ఆగుతారు. మావాళ్లు ఊరు కదలకుండానే, ఆఫీసు మెట్ల మీద, అంత దూరమూ నడుస్తారు.

ఊరి పేరైనా నిలకడగా ఉందా అంటే అదీ లేదు. ఇంగ్లీషులో ఒకచోట 'సి-హెచ్' ఒక్కటే, ఒకచోట జంట, ఇంకోచోట మధ్యలో ఒక 'టి' దూరి కూర్చుంది. పేరు సరిపోలలేదని కుర్రాళ్లను తిప్పి పంపే కాగితం మీద ఊరి పేరే సరిపోలదు.

వెల్డరు కుర్రాడు గట్టివాడు. సర్టిఫికెట్‌లో తప్పు దిద్దించడానికి ఎన్నాళ్లు పడుతుందో కనుక్కుని, ఆధార్‌లో ఉన్న ఒప్పునే తీయించేశాడు. ఇప్పుడు రెండింటిలోనూ జూన్ 1. క్లియరెన్స్ వచ్చింది, విమానమెక్కాడు. తల్లి మాత్రం ఏటా దసరా రెండ్రోజులుందనగా కొడుకు పేరు చెప్పి పరమాన్నం వండుతూనే ఉంది.