మూడో తరగతి హాజరు పట్టీని

నేను హాజరు పట్టీని. చిలకలూరిపేటకూ పర్చూరుకూ మధ్య నల్లరేగడి నేలలో ఉన్న ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో, 2024-25లో మూడో తరగతి పిల్లల కోసం నన్ను కొన్నారు. బీరువాలో నా కింద ఉన్న పాత పట్టీల అట్టల మీద గుంటూరు జిల్లా అని ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక మా అట్టల మీద పల్నాడు చేరింది. పొలిమేర దాటితే ఇప్పుడు బాపట్ల జిల్లా, అంతకుముందు అది ప్రకాశం. అట్ట మీద ఏం రాసినా అటూ ఇటూ చేలల్లో ఉండేది పత్తీ మిరపే.

ఆ ఏడు బడి జూన్ 13న తెరిచారు. టీచరమ్మ స్కేలు పెట్టి గీతలు గీసుకుని, మగపిల్లల పేర్లు నీలం సిరాతో, ఆడపిల్లల పేర్లు ఎర్ర సిరాతో రాసింది. పొద్దున హాజరుకి ఒక ఏటవాలు గీత, మధ్యాహ్నానికి దాన్ని కోస్తూ ఇంకో గీత. రాకపోతే ఆబ్సెంట్. ఫోన్లో యాప్‌లోనూ హాజరు వేయాలి, అయినా ఆవిడ నన్ను వదల్లేదు. నేను పిల్లల్ని నెంబర్లతోనే చెబుతాను, వాళ్ళ పేర్లు వాళ్ళ ఇళ్ళ సొత్తు.

పేర్లు పిలిచే పావుగంటలో మా ఊళ్ళో ఏ ఇంట్లో ఏం జరిగిందో తెలిసిపోతుంది. ఒక పేరుకి "ఉన్నాను టీచర్" అన్న జవాబు రాకపోతే చాలు, పక్కనున్న నలుగురూ ఒకేసారి లేస్తారు.

"వాళ్ళ గేదె ఈనింది టీచర్, జున్ను కూడా కాశారు."

"వాళ్ళక్కకి ఓణీల ఫంక్షన్, టీచర్."

"వాళ్ళ నాయనమ్మ రాత్రి చచ్చిపోయింది టీచర్."

ఆ చివరి మాటకి తరగతి అంతా ఒక్క క్షణం ఆగింది. ఆ పిల్లాడు పెద్దకర్మ అయ్యాక గుండుతో వస్తే ఎవరూ నవ్వకూడదని ముందు రోజే టీచరమ్మ చెప్పి ఉంచింది, ఎవరూ నవ్వలేదు. వచ్చినవాళ్ళ లెక్క వంట చేసే అక్కకి వెళుతుంది, దాన్నిబట్టే బియ్యం కొలుస్తుంది, గుడ్లు ఉడకేస్తుంది. కానీ రానివాళ్ళు ఎందుకు రాలేదో రాయడానికి నాలో గడి లేదు. టీచరమ్మ అందుకోసం నా చివరి పేజీ వాడుకుంది. పెన్సిలుతో చిన్న అక్షరాలు: "14 – అమ్మకి కాన్పు. 19 – తమ్ముణ్ణి ఎవరూ చూసుకునేవాళ్ళు లేరు." అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు నా ముందు పేజీలు చూస్తారు. నన్నడిగితే ఆ చివరి పేజీ ముందు చూడమంటాను.

దసరా సెలవులు అయ్యాక పత్తి తీతలు మొదలయ్యాయి. పత్తి పగిలాక చెట్టు మీద ఎక్కువ రోజులు ఉంచరు. వాన పడితే తడిసి రంగు మారుతుంది, ధర పడిపోతుంది. అందుకే ఇంట్లో ఉన్న చేతులన్నీ చేలోకి వెళతాయి. ఆ నెలల్లో ఆబ్సెంట్లు ఒక్కొక్కటిగా కాదు, వరసగా పడతాయి. తిరిగొచ్చిన పిల్లల జుట్టులో పత్తి పోగులు ఉంటాయి. నా కుట్టు దారం దగ్గర ఒక పోగు ఇప్పటికీ ఇరుక్కునే ఉంది.

డిసెంబరు 7, శనివారం, రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. బాపట్ల మున్సిపల్ హైస్కూలుకి ముఖ్యమంత్రి వచ్చారు. మా బడికి తల్లులు వచ్చారు, కూలి మానుకుని. ముగ్గులు వేశారు, పిల్లలతో కలిసి భోజనం చేశారు. తరువాత పద్నాలుగో నెంబరు వాళ్ళమ్మ పసిబిడ్డని భుజాన వేసుకుని టీచరమ్మ బల్ల దగ్గరికొచ్చింది. "మా వాడిది ఏదండీ?" అంది. టీచరమ్మ వరస చూపించింది. ఆమె చదువుకోలేదు, కానీ ఎక్కడ గీతలు కలిశాయో ఎక్కడ కలవలేదో కంటికి కనపడుతూనే ఉంది. వేలు పెట్టి నవంబరు పొడుగునా జరుపుకుంటూ పోయింది. పత్తి తీసి తీసి ఆ వేలి చివర చర్మం కాయల తొక్కలకి గీరుకుపోయి ఉంది.

"ఇయ్యన్నీ రాని రోజులేనా?"

"అవునమ్మా."

"నాతోపాటే ఉన్నాడండీ ఆ రోజుల్లో. పిల్లని ఎత్తుకోటానికి ఒకళ్ళుండాల గదా. వాడు బద్ధకస్తుడు కాదండీ."

"నాకు తెలుసు" అని టీచరమ్మ నా చివరి పేజీ తిప్పి, అక్కడ రాసింది చదివి వినిపించింది. ఆ తల్లి అప్పుడు కూర్చుంది. పసిదాన్ని చూసుకునే పని ఇంకొకరికి అప్పగించి వాడు బడికి వచ్చేలా ఇద్దరూ కలిసి ఏర్పాటు చేసుకున్నారు. ఆ తరువాత పద్నాలుగో వరసలో గీతలు బాగానే కలిశాయి.

సంక్రాంతి దాటితే మిరప కోతలు. ఊళ్ళో మనుషులు చాలరు. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు వైపు నుంచి, ప్రకాశం పడమటి మెట్ట ఊళ్ళ నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి, బియ్యం మూటలతో, గిన్నెలతో, కోడిపిల్లలతో సహా. చేల గట్ల మీద గుడారాలు వేసుకుంటారు. పిల్లలు పగలంతా గుడారాల దగ్గరే ఉంటారు, లేకపోతే కల్లాల్లో తాలుకాయలు ఏరుతుంటారు.

ఒక సోమవారం టీచరమ్మ బడి గంటకి ముందే ఆ గుడారాల దగ్గరికి వెళ్ళి ఎనిమిది మందిని వెంటబెట్టుకొచ్చింది. ఎందుకొచ్చారని మావాళ్ళు అడిగితే అందులో ఒకమ్మాయి, "మాయమ్మోళ్ళు మిరక్కాయలు తెంపేకి వచ్చిండారు" అంది. ఆ యాస విని మావాళ్ళలో ఇద్దరు నవ్వబోయి, టీచరమ్మ కళ్ళు చూసి ఆగిపోయారు. పదిరోజులకల్లా అందరూ కలిసి అదే మాట ఆటలో వాడుకుంటున్నారు.

వాళ్ళ పేర్లు నాలో రాయాలా వద్దా అన్నది పెద్ద ప్రశ్న అయింది. టీసీ లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు. అయినా 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం కాగితం లేదని ఏ పిల్లనీ వెనక్కి పంపకూడదు, టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు. కానీ వాళ్ళ పేర్లు అప్పటికే వాళ్ళ ఊరి బడిలో ఉన్నాయి. నాకు ఎక్కువ బాధ వేసిందీ ఇక్కడే. నా ఎదురుగా బల్ల మీద కూర్చుని ఎక్కం చెబుతున్న పిల్లకి, అదే నిమిషంలో, కోసిగి వైపు ఏదో బడిలో నాలాంటి ఇంకో పట్టీలో ఆబ్సెంట్ పడుతోంది. వలస వెళ్ళినవాళ్ళ పిల్లల కోసం ఆ ఊళ్ళలో సీజనల్ హాస్టళ్ళు నడుపుతారు. అయినా ఏడెనిమిదేళ్ళ పిల్లని వదిలి రావడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? టీచరమ్మ వాళ్ళ పేర్లు నా కింది ఖాళీ వరసల్లో రాసి, ఎదురుగా ఊరి పేరు కూడా రాసింది.

వాళ్ళలో ఒకమ్మాయి ఒకరోజు పలక ముట్టుకోలేదు. వేళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ముందురోజు సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని పండుకాయల తొడిమలు తీసిందట. ఆ మంట నీళ్ళతో కడిగితే పోదు. వంట చేసే అక్క కొబ్బరినూనె తెచ్చి ఒక్కొక్క వేలికీ రాసింది. ఆ పూట ఆ పిల్ల నోటితోనే లెక్కలు చెప్పింది, అన్నీ సరిగ్గా.

ఫిబ్రవరిలో ఇళ్ళ నుంచి వచ్చే కబుర్ల రంగు మారింది. "మా నాయన యార్డు నుంచి టిక్కీలు ఏసీలో పెట్టొచ్చాడు టీచర్" అని ఒకడు (టిక్కీ అంటే మిర్చి బస్తా, ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ), "మా నాయన అన్నం తినట్లేదు టీచర్" అని ఇంకొకడు. ముందు సీజన్లలో క్వింటాలు ఇరవై వేలు దాటి పలికిన మిర్చి గుంటూరు యార్డులో సగానికి దగ్గరగా పడిపోయింది. ఆ నెలలోనే కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. టీచరమ్మ గుణకారం లెక్క ఇస్తూ, నలభై కేజీల టిక్కీలు మూడయితే ఎంత అని అడిగింది. నూట ఇరవై అని ఏడో నెంబరు టక్కున చెప్పి, "కోత కూలికే చాలదు టీచర్" అన్నాడు. ఎనిమిదేళ్ళవాడు. టీచరమ్మ ఇంకో లెక్క ఇవ్వకుండా వాణ్ణి దగ్గరికి పిలిచి, ఇంట్లో ఎవరెవరు ఉన్నారో, ఏం తిని వచ్చాడో అడిగింది. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళింది కూడా.

శివరాత్రికి అయినా ప్రభలు ఆగలేదు. కోటప్పకొండ తిరునాళ్ళ తరువాత బడి తెరిచిన రోజు నాలో సగానికి పైగా ఆబ్సెంట్లు. వచ్చిన పిల్లలు నిద్రమొహాలతోనే ప్రభ ఎత్తు గురించి పోట్లాడుకున్నారు. ఆ రోజుని నేను ఎప్పుడూ తప్పు పట్టను.

మార్చి 15న ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఉగాదికి ముందే గుడారాలు లేచాయి. వెళ్ళే ముందురోజు టీచరమ్మ ఎనిమిది తెల్లకాగితాలు తీసి, ఒక్కొక్కరి పేరు రాసి, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా మా బడికి వచ్చారో, ఎన్ని ఎక్కాలు వచ్చో, ఏ పాఠం వరకు చదివారో నన్ను చూసుకుంటూ రాసింది. హెడ్మాస్టరు సంతకం పెట్టి ముద్ర వేశారు. ఆ కాగితాల్ని తల్లులు బియ్యం సంచిలో అడుగున పెట్టుకున్నారు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. ఆ పిల్లల ఊరి బడి సారు. కాగితం చూశామని, పిల్లల్ని పరీక్షలు రాయిస్తున్నామని చెప్పారు. వేళ్ళు మండిన అమ్మాయి గురించి టీచరమ్మ ప్రత్యేకంగా అడిగితే, వచ్చిందండీ, మొదటి బల్ల మీదే కూర్చుంటోంది అన్నారు.

ఏప్రిల్ 23న ఆఖరి హాజరు వేశారు. ఆ సాయంత్రం వచ్చే ఏటి పట్టీ గురించి మాట వచ్చినప్పుడు టీచరమ్మ హెడ్మాస్టరుతో, "సార్, ఈసారి చివర పది వరసలు ఎక్కువ ఉండేది కొనండి, జనవరిలో కావాలి" అంది.