రెండో సంబంధం

చూడగానే మురిసిపోయే రూపం కాదు నాది. నల్లటి ఒళ్లు, మొద్దు అంచులు, కీబోర్డు నడిమధ్యన ఎర్రటి బొడిపె. ఆ బొడిపె ఎందుకో తెలియక నవ్వినవాళ్లున్నారు. అది మౌస్ పని చేస్తుంది, మా వంశానికి గుర్తు కూడా. మా మూలపురుషుడు 1992లో ఐబీఎం ఇంట పుట్టాడు. 2005లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్ల వ్యాపారాన్ని లెనోవోకు అమ్మేశాక మా ఇంటిపేరు మారింది. థింక్‌ప్యాడ్ అన్న పేరు, నలుపు, ఎర్ర బొడిపె మాత్రం అలాగే మిగిలాయి. నేను 2018లో బజారుకొచ్చిన టీ480 మోడల్‌ని.

మమ్మల్ని దుకాణాల్లో ఒక్కొక్కటిగా కొనేవాళ్లు తక్కువ. కంపెనీలు వందలకొద్దీ ఒక్కసారే తెప్పించుకుంటాయి. డెల్‌లో లాటిట్యూడ్, హెచ్‌పీలో ఎలైట్‌బుక్, లెనోవోలో మేము, అందరం ఆఫీసు చాకిరీ కోసం పుట్టినవాళ్లమే. పొద్దస్తమానం నడవాలి. చెడిపోయిన ముక్క తీసి కొత్తది బిగించుకునే వీలుండాలి. కిందపడినా అంత తొందరగా బీటలు వారకూడదు. అందుకే మా ధర ఎక్కువ, సొగసు తక్కువ.

నా కొలువు మొదలైంది హైటెక్ సిటీలోని ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో. వీపు మీద నంబరు స్టిక్కరు అంటించి ఓ టెస్టింగ్ ఇంజినీరమ్మాయి చేతికిచ్చారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డాక ఆమెతోపాటు నేనూ కూకట్‌పల్లిలో వాళ్లింటికి చేరాను. డైనింగ్ టేబులే ఆఫీసు. ఒక చెవిన మేనేజరు, ఇంకో చెవిన కుక్కరు కూత. ఓ రోజు టీ గ్లాసు నా మీదే ఒలికిపోయింది. కీబోర్డు మీద పడ్డ నీళ్లు అడుగు నుంచి జారిపోవడానికి నాకు దారులుంటాయి. ఆవిడ తిరగేసి ఆరబెట్టింది. మర్నాడు మామూలుగానే డ్యూటీకి వచ్చాను.

కంపెనీల లెక్కలో ల్యాప్‌టాప్ ఆయుష్షు మూడు నాలుగేళ్లే. లీజు తీరినా, వారంటీ అయిపోయినా, ఒంట్లో సత్తువున్నా సరే, పక్కన పెట్టేస్తారు. నా డిస్కు తుడిచేసి, లాట్లో కలిపి అమ్మేశారు. చేతులు మారి మారి చివరికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వచ్చిపడ్డాను. పూర్తి పేరు అంటే చాలామంది తడుముకుంటారు. సీటీసీ అంటే మాత్రం జంటనగరాల్లో కంప్యూటర్ పట్టుకున్న ప్రతివాడికీ తెలుసు.

అక్కడో కుర్రాడు నా అడుగు విప్పి, ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము ఊది, ప్రాసెసర్ మీద ఎండి పెళుసుబారిన పేస్టు గీకి కొత్తది రాశాడు. వీపు మీది స్టిక్కరు పీకి, మిగిలిన జిగురును గుడ్డతో రుద్దిరుద్ది వదిలించాడు. గీతల్లేనివి ఏ గ్రేడ్, ఉన్నవి బీ గ్రేడ్. నా మూత మూలన ఒక గీటుంది, కాబట్టి బీ. లోపలి పనితనాన్ని ఎవరూ లెక్కకట్టలేదు, గ్రేడంతా పైతోలుకే. అలా తయారై అద్దాల బీరువాలో కూర్చున్నాను, రెండో సంబంధం కోసం.

2025 దసరా వెళ్లిన రోజులవి. అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. పాత మెషిన్లు బజారులో కుప్పలుగా పడుతున్నాయి. భువనగిరి నుంచి ముగ్గురు వచ్చారు. టైలరింగ్ చేసే తండ్రి, బీకాం చదివే కూతురు, ఆమె పెద్దనాన్న కొడుకు. ఆ కుర్రాడు రిపేర్ల పని తెలిసినవాడు. జేబులో ఉన్నది పాతిక వేలు.

తండ్రికి పాత సామాను మీద గురి లేదు. "పాతదెందుకు బిడ్డా? పొద్దుగాల మాల్‌ల చూసినం కద, కొత్తదే గా పైసలల్ల వస్తున్నది" అన్నాడు.

"అది సూడనీకే కొత్తది బాబాయ్" అన్నాడు కుర్రాడు. "ర్యామ్ నాలుగు జీబీ, అది గూడ బోర్డుకే అతికించి ఉంటది. రేపు పెంచుదామన్నా కాదు."

అతను చెప్పింది నిజం. అలాంటి చవక మెషిన్లలో సెలెరాన్ ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీకి బదులు ఈఎంఎంసీ అనే నెమ్మదైన చిప్పు ఉంటాయి. అది 64 జీబీదైతే విండోసే సగానికి పైగా కూర్చుంటుంది. అప్‌డేట్ వచ్చిన రోజున దానికి చోటు చాలదు. నాలుగు జీబీ ర్యామ్‌తో బ్రౌజరు, ఎక్సెల్, ఆన్‌లైన్ క్లాసు ఒకేసారి తెరిస్తే మౌస్ బాణం కదలడానికే బద్ధకిస్తుంది. ఒంటి మీద ప్లాస్టిక్ కవరు తీయని కొత్తదనం రెండు వారాల్లో పోతుంది, ఆ నత్తనడక మాత్రం ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

"నీకు దీంతోని ఏం పని పడ్తదిరా?" అని తండ్రి కూతుర్ని అడిగాడు. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అదే.

"టాలీ, ఎక్సెల్ నడవాలె నాన్నా. క్లాసులు వినాలె. మంచిగ టైప్ చేస్కోవాలె. గేమ్స్ గీమ్స్ ఏం లేవు."

బేరం సగం అక్కడే తెగిపోయింది. ఆ మాటతో పదహారంగుళాల తెర, గ్రాఫిక్స్ కార్డు, రంగురంగుల లైట్ల కీబోర్డు అన్నీ లెక్కలోంచి తప్పుకున్నాయి.

దుకాణదారు నన్నూ, మా అన్న టీ470నూ పక్కపక్కన పెట్టాడు. అచ్చం ఒకేలా ఉంటాం. "రెండూ ఐ5లే, రెండూ ఎనిమిది జీబీలే. ఇది మూడు వేలు తక్కువన్నా, ఇదే తీస్కోండ్రి" అని అన్న వైపు చూపించాడు.

"ఐ5 సరే భయ్యా, ఏ జనరేషన్?" అన్నాడు కుర్రాడు.

పాతిక వేల బేరంలో మూడు వేల తేడాకు జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. అన్నది ఏడో తరం, లోపల రెండే కోర్లు. నాది ఎనిమిదో తరం 8250యు, నాలుగు కోర్లు. పేరు అదే ఐ5, పనిచేసే చేతులు రెట్టింపు. పైగా విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో, ఏవో ఒకటీ అరా తప్పిస్తే, ఎనిమిదో తరం నుంచే అధికారికంగా కుదురుతుంది. ఐ5 పక్కనున్న అంకెల్లో మొదటిది తరం. పదో తరం నుంచి మొదటి రెండు అంకెలు చూడాలి. 1235యు అంటే పన్నెండో తరమన్నమాట. చివర యు ఉంటే కరెంటు తక్కువ తాగే రకం, ఇంటి పనికి చక్కగా సరిపోతుంది.

ఆ తర్వాత నా పెళ్లిచూపులు మొదలయ్యాయి. కుర్రాడు ముందుగా నన్ను ఆర్పి, మళ్లీ వెలిగిస్తూ ఎఫ్1 నొక్కి బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లాడు. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే లేచి వచ్చేయాల్సిందే. పాత కంపెనీ వేసిన ఆ తాళం మామూలు దుకాణంలో ఊడిరాదు. నన్ను అడగలేదు. తెల్లటి పేజీ ఒకటి తెర నిండా తెరిచి నల్లచుక్కలు, పసుపు మరకలు ఉన్నాయేమోనని వెతికాడు. తెరను వెనక్కీ పక్కకీ వంచి చూశాడు. నాది 1920 బై 1080, అంటే ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ తెర, ఎటు నుంచి చూసినా రంగు మారదు. ఇదే మోడల్ 1366 బై 768 నాసిరకం తెరతోనూ వచ్చింది. పేరు చూసి కొంటే ఆ సంగతి ఇంటికెళ్లాక తెలుస్తుంది.

"బ్యాటరీ కొత్తదే అన్నా, నాలుగు గంటలు పక్కా" అన్నాడు దుకాణదారు. కుర్రాడు ఏమీ మాట్లాడకుండా నల్లటి కమాండ్ కిటికీ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, ఏటవాలు గీత, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టాడు. ఓ పేజీ తయారైంది. పుట్టినప్పటి సామర్థ్యం 24 వేల చిల్లర మిల్లీవాట్ అవర్లు, ఇప్పుడు నిండా ఎక్కినా పట్టేది 13 వేల చిల్లర. "కొత్తదైతే సగానికెందుకు పడ్డది భయ్యా?" అన్నాడు. దుకాణదారు నవ్వేసి, రేటు వెయ్యి తగ్గించాడు. నాకు లోపలొకటి, బయటొకటి రెండు బ్యాటరీలు. బయటిది లాచీలు జరిపితే చాలు, స్క్రూడ్రైవరు లేకుండానే చేతికి వచ్చేస్తుంది. మిగిలిన డబ్బుతో దాన్ని కొత్తది వేయించారు.

టాస్క్ మేనేజర్‌లో మెమరీ అన్న చోట నొక్కి చూశారు. రెండు స్లాట్లలో ఒకటే నిండి ఉంది. అంటే రేపు చేతిలో నాలుగు రాళ్లు ఆడినప్పుడు ఇంకో ఎనిమిది జీబీ వేసుకోవచ్చు. ప్రతి మీటా నొక్కారు, ప్రతి పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి చూశారు, కెమెరా ముందు ఆ పిల్ల జడ సర్దుకుంది. ఆఖర్న జీఎస్టీ బిల్లు మీద నా సీరియల్ నంబరు వేయించి, ఆర్నెల్ల వారంటీని నోటిమాటగా కాక అదే కాగితం మీద రాయించుకున్నారు.

ఇప్పుడు పొద్దున ఆన్‌లైన్ క్లాసు, సాయంత్రం టాలీ. మధ్యలో తండ్రి కుట్టుకూలి లెక్కలు ఎక్సెల్‌లో ఎక్కుతున్నాయి. ఎవరి జాకెట్టు బాకీ ఎంతో నాకు తెలుసు, చెప్పను.

నా గొప్పే చెప్పుకుంటే అబద్ధమవుతుంది. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకూ, గేములాడేవాళ్లకూ నేను పనికిరాను. కిలోన్నరకు పైనే బరువుంటాను. కొత్తదానికి ఏడాది కంపెనీ వారంటీ వస్తుంది, నాకు రాదు. చేతిలో నలభై వేలో అంతకు మించో ఉంటే కొత్తదే కొనుక్కోండి. అప్పుడైనా స్టిక్కరు చూసి సంబరపడకండి. ఏఎండీ రైజెన్ 5లో 7520యు, 7530యు అని రెండున్నాయి. పెద్ద తేడా లేనట్టు కనిపిస్తాయి గానీ మూడో అంకెలోనే కిటుకుంది. మొదటిది పాత జెన్ 2 నిర్మాణం, రెండోది దాని తర్వాతి జెన్ 3. ర్యామ్ పెంచుకునే స్లాటుందా, ఎస్‌ఎస్‌డీ 512 జీబీయేనా, తెర ఐపీఎస్సేనా అని అడగండి. సమాధానం చెప్పలేని దుకాణంలో కొనకండి.

పాతిక వేల లోపే ఉంటే నాలాంటివాళ్లను చూడండి. ఎనిమిదో తరమైనా ఉండాలి, ర్యామ్ ఎనిమిది జీబీ, ఎస్‌ఎస్‌డీ, ఫుల్ హెచ్‌డీ తెర, తాళం లేని బయోస్. ఇంటి నుంచి బయల్దేరే ముందే ఏ పని కోసం కొంటున్నారో ఓ కాగితం మీద రాసుకోండి. ఆ కాగితంలో లేనిదానికి పైసా కట్టకండి. బిల్లు చేతికి రానిదే మాత్రం దుకాణం మెట్లు దిగకండి.