బిల్లు వెనుక పద్యం: సటీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

చెక్కకెపుడు పూచి, చెమ్మకుఁ బూచి లే
దనుచు బిల్లు వెనుక తాత రాసె;
కాఫి పండినపుడు కట్టుడీ మిగిలింది;
కొండ దిగిన బల్ల కొనము మరల.

అవతారిక

కాళిదాసు కావ్యాలకు టీక రాయడానికి కొల్చారం నుంచి మల్లినాథసూరి వచ్చాడు. ఫర్నిచర్ కొట్టు బిల్లుకు రాయడానికి ఇంతవరకూ ఎవరూ రాలేదు. ఆ కొరత తీర్చడానికి పూనుకున్నాము.

అనంతగిరి ఘాట్ ఎక్కి అరకులోయలో దిగాక, సంత దారిలో ఉండే ఒక రేకుల కప్పు ఈ కావ్యానికి జన్మస్థలం. కవి పేరు చెప్పము. చెబితే బాకీదార్లు ఉలిక్కిపడతారు. తెగ మాత్రం చెప్పవచ్చు, కమ్మర. ఏజెన్సీ షెడ్యూల్డు తెగల్లో ఇనుమూ కర్రా రెండూ పట్టే చేయి వాళ్ళది. నాగళ్ళు చెక్కిన తాత మంచాలకు వచ్చాడు, కొడుకు బీరువాలకు వచ్చాడు, మనవడు సోఫా సెట్లకూ జీఎస్టీకీ వచ్చాడు. గణాలు సరిపోయాయని పండితులన్నారు. లెక్కలే సరిపోలేదని మనవడంటాడు.

ప్రతిపదార్థం

చెక్కకు = టేకుకు, వేగిసకు, పనసకు; ఎపుడు = కొట్టు తలుపు తీసి ఉన్నన్నాళ్ళూ; పూచి = నోటి హామీ; చెమ్మకున్ = ఆషాఢం మొదలు గోడలోంచి, దుప్పటిలోంచి, మబ్బులోంచి వచ్చు తడికి; పూచి లేదు = దేవుడితో మాట్లాడుకోవలెను; అనుచు = అని; బిల్లు వెనుక = ముందు వైపును పన్ను ఆక్రమించినందున; తాత = కవి; రాసె = రాసెను; కాఫి పండినపుడు = (వివాదాస్పదం, టీక చూడుడు); కట్టుడీ = చెల్లించుడు; మిగిలింది = అడ్వాన్సు పోగా శేషము; కొండ దిగిన = ఘాట్ రోడ్డు మీదనో, 58 సొరంగాలున్న కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీదనో పల్లానికి పోయిన; బల్ల = ఉపలక్షణము, మంచము, కుర్చీ కూడా గ్రహించవలెను; మరల = తిరిగి; కొనము = పుచ్చుకొనము.

తాత్పర్యం

కర్ర మాది, వాన మాది కాదు. సగం ఇప్పుడివ్వండి, సగం పంట చేతికొచ్చాక ఇవ్వండి. తీసుకుపోయింది తీసుకురాకండి.

టీక

ఈ పద్యానికి ప్రాణం 'చెమ్మ'. కొత్తగా కొట్టు పెట్టినవాడు కొనేవాడి నోరు చూసి ప్రతిదానికీ పూచీ పడతాడు. మూడు వర్షాకాలాలు గడిచాక దేనికి పడకూడదో తెలుస్తుంది. కవి ఆ రెండో ఘట్టంలో రాశాడు కాబట్టే మొదటి పాదం చివరే 'లేదు' మొదలైంది.

కర్ర నిలువునా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. శ్రావణంలో సొరుగు బిగుసుకుని, మాఘంలో వదులవడానికి కారణమిదే. బల్ల పైపలకను నాలుగు వైపులా మేకులతో బిగిస్తే ఏదో ఒక వాన దాన్ని పగలదీస్తుంది. అందుకని తాత పలకకు కదిలే చోటు ఉంచి బిగిస్తాడు, సొరుగుకు సందు వదిలి చిత్రిక పడతాడు. ఎండలో చూసినవాడు "ఇదేటి తాతా, ఇంత వదులుగుంది?" అంటాడు. ఆ సందుకు తాత విడిగా డబ్బు తీసుకోడు. తీసుకోవలసిందని మా అభిప్రాయం.

ఇక పార్టికల్ బోర్డు. రంపపు పొట్టునూ చెక్క ముక్కలనూ జిగురుతో నొక్కిన ఈ పలక మైదానం నుంచి లారీలో వస్తుంది, పైన మెరుపు కాగితంతో, అగ్గువ ధరతో. అసలు కర్ర ఉబ్బినా ఎండ తగిలితే తగ్గుతుంది. ఇది అంచున ఒకసారి ఉబ్బిందంటే మరి తగ్గదు. దీనికి 'చెక్కకెపుడు పూచి' వర్తిస్తుందా అని మనవడు ప్రశ్నించగా, అది చెక్క కాదు గనుక వర్తించదని తాత తీర్పు. కొట్టులో సగం సరుకు ఇప్పుడు అదే. ఈ తీర్పు వల్ల తాతా మనవళ్ళ మధ్య రెండు సంక్రాంతుల పాటు మాటల్లేవని వినికిడి.

'కాఫి పండినపుడు' అనే చోట వ్యాఖ్యాతలు మూడు తెగలుగా చీలారు. పండ్లు ఎర్రబడ్డప్పుడని అప్పిచ్చినవారి మతం; లోయలో అది నవంబరు ప్రాంతం. గింజలు ఎండి, గిరిజన సహకార సంస్థ జీసీసీయో వర్తకుడో కొన్నప్పుడని తటస్థుల మతం. మూడోది బాకీదారుల మతం. "పండింది గానీ తాతా, ఎండలేదు. ఎండింది గానీ, అమ్మలేదు. అమ్మేను గానీ, డబ్బు బ్యాంకులో పడలేదు." పైగా అరబికా మొక్క ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు అలసిపోతుంది. ఏ ఏటి కాఫీయో కవి చెప్పలేదు. 2019లో అరకు కాఫీకి జీఐ గుర్తింపు వచ్చినప్పుడు బాకీలు కదులుతాయని ఆశపడ్డారు. 2025లో తోటల్లో కాయ తొలిచే బెర్రీ బోరర్ కనబడ్డప్పుడు ఆ ఆశను పుస్తకంలో మడిచిపెట్టారు.

అయినా ఈ పాదాన్ని కొట్టేయకూడదు. నెలనెలా వాయిదా అడిగే నగరపు షోరూముకు నెలజీతం ఉన్నవాడే కొనుగోలుదారు. ఏడాదికొకసారి చేతిలో డబ్బు ఆడే రైతుకు మంచం అమ్మాలంటే కాలెండరు వాడిదే పట్టుకోవాలి. తాత వడ్డీ రాయలేదు. వడ్డీ రాసి ఉంటే పద్యంలో ఒక గణం పెరిగేది, కొట్టులో చాలామంది ఖాతాదారులు తగ్గేవారు.

'కొండ దిగిన బల్ల' పర్యాటకుల నుద్దేశించినది. పొగమంచులో ముచ్చటపడి వెదురు సోఫా కారు మీద కట్టుకుపోతారు. విశాఖ వెళ్ళాక హాల్లో పట్టదు. ఫోను చేస్తారు. తాతకు అప్పుడు వినబడదు. కొండ దిగని సామాను మరమ్మతుకు మాత్రం తాత ఉలి పట్టుకుని ఇంటికే వెళ్తాడు. పద్యంలో లేనిదీ, కొట్టును నిలబెట్టిందీ అదే. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్ళు ఏనుగుదంతం పొదిగిన కుర్చీలూ పెట్టెలూ తెల్లదొరలకు అమ్మారు. కొన్ని ఇప్పటికీ లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. అవీ వాపసు రాలేదు. తాత సిద్ధాంతానికి ఇంతకన్నా పాత ప్రమాణం మాకు దొరకలేదు.

విశేషాలు

ఒకటి: పూర్తిగా వెదురుతో చేసిన కుర్చీకి 2025 సెప్టెంబరు నుంచి పన్ను 5 శాతం, కర్ర కుర్చీకి 18. వెదురు కుర్చీకి టేకు కాళ్ళు పెడితే అది 'పూర్తిగా వెదురు' కాదు. పన్నుల శాస్త్రానికి ఇంతవరకూ మల్లినాథుడు పుట్టలేదు.

రెండు: కొట్టు నేల ఎందుకు చేయి జారలేదని అడుగుతారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి బదిలీ కాకూడదని 1959 నాటి నిబంధన. 1970 సవరణ దాన్ని గట్టి చేసింది. జనం '1/70' అనే చట్టమిదే. పక్క స్థలం కొని అద్దాల షోరూము కట్టాలని వచ్చినవాళ్ళు టీ తాగి వెళ్ళారు. వ్యాపార దక్షతను పొగిడే పుస్తకాలు ఈ కొట్టు గురించి రాస్తే, మొదటి అధ్యాయం ఆ చట్టానికివ్వాలి.

పాఠకులకు మనవి: అరకులో బల్ల కొనదలిస్తే ఎండాకాలంలో కాదు, శ్రావణంలో వెళ్ళండి. సొరుగు లాగి, తోసి, మళ్ళీ లాగి చూడండి. జోరు వానలో కదిలే సొరుగుకు డబ్బివ్వండి, మొత్తం అక్కడే. మీకు కాఫీ తోట లేదు కదా.