అట్ట మీద వీణ

ఇరవై రోజులుగా వీణ మెట్లు లెక్కపెడుతున్నాను. వాయించడానికి కాదు, మా సభ వార్షికోత్సవ సంచిక అట్ట కోసం.

కమిటీల సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. "డ్రాయింగు మాస్టారు మన మధ్యనే ఉండగా ఇంకెవరికిస్తాం?" అని అట్ట పని నా నెత్తిన పెట్టారు. పెట్టిన చేతులు మాత్రం ఇంకా తియ్యలేదు.

నేనూ తక్కువ తినలేదు. లోకంలో సంగీత పత్రికల అట్టలు ఎలా ఉంటాయో చూద్దామని మనవణ్ణి కూచోబెట్టుకుని వంద పైచిలుకు పోగేశాను. 1983లో మద్రాసులో మొదలైన 'శ్రుతి'కి చాలాసార్లు ఒక్క విద్వాంసుడి మొహమే చాలు. అమెరికా 'రోలింగ్ స్టోన్' మొదటి సంచిక 1967 నవంబరు 9న వచ్చింది. దాని మీద జాన్ లెనన్ సిపాయి టోపీతో ఉంటాడు, ఏదో సినిమా వేషం. చేతిలో గిటారు కూడా లేదు. అయినా ఎవడూ యుద్ధాల పత్రిక అనుకోలేదు. మనలో మనమాట, అంత దూరం పోనక్కర్లేదు. 1921లో మన శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్యగారి 'చందమామ', 'యువ' అట్టలు చూడండి. 'వపా' సంతకమున్న బొమ్మ మీద ఇంకో అక్షరం వెయ్యడానికి ఎవడికి చెయ్యాడుతుంది?

నాకు తేలిందేమిటంటే, ఒక అట్టకి ఒక్కటే సంగతి. మా కమిటీవారేమో పల్లవికే పదహారు సంగతులు వేసే బాపతు.

సరస్వతీదేవి ఉండాలి. మా విజయనగరం కోట, గంటస్తంభం ఉండాలి. 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు కాబట్టి ఆయనుండాలి. తరవాత ప్రిన్సిపాలైన ద్వారం వెంకటస్వామినాయుడుగారు అలగకూడదు. అక్కడ చదువుకున్న ఘంటసాల, సుశీల సరే సరి. పైడితల్లమ్మని వదిలేస్తే నన్ను ఊళ్లో తిరగనిస్తారా? ఇందరి మధ్యా దాతగారు, రంగుల్లో.

అట్ట మీద ఒక్క శీర్షికైనా లేకుండా కుదురుతుందని రుజువుగా 'రోలింగ్ స్టోన్' 1981 జనవరి 22 సంచిక తీసుకెళ్లి చూపించాను. భార్య యోకోని చుట్టుకుని పడుకున్న లెనన్. చనిపోయిన రోజునే తీసిన ఫొటో. కోశాధికారిగారు కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"బట్టలేవండీ?" అన్నారు.

ఆ రోజుకి సమావేశం ముగిసింది.

ఇక వీణ. డీటీపీ కుర్రాడు వేసిన మొదటి వీణకి పదిహేడు మెట్లు. ఇరవైనాలుగుండాలిరా నాయనా అన్నాను. మర్నాటికి ముప్ఫై ఒకటి తెచ్చాడు, ఎక్కువైతే తప్పేముంది అన్నట్టు. తీగలు వాయించేవి నాలుగు, తాళానికి మూడు, మొత్తం ఏడు. వాడివి పదకొండు. అవన్నీ సరిచేయించాక చూద్దును కదా, కుండ కుడిపక్కకి వచ్చేసింది. ఎదురుగా కూచుని చూసేవాళ్లకి కుండ ఎడంపక్కన కనబడాలి. అంటే అమ్మవారిది పుర్రచెయ్యి అయిపోయింది!

"ఏట్రా ఇదీ?"

"అటుపక్క దాతగారి ఫొటో పడాల కదా మాస్టారూ. అందుకే అమ్మోరిని అద్దంలోలాగ తిప్పేసినాను."

"వీణ తిరగబడింది కదరా."

"వీణేనా, మొత్తం తిరిగినాది. ముక్కుపుడక కూడా."

నాకు నిద్ర పట్టలేదు. ఒకవేళ పుర్రచేతి వీణలు కూడా ఉంటాయేమో, నేనే అజ్ఞానినేమో! తెల్లారగానే రెండు బస్సులు మారి బొబ్బిలి, అక్కణ్ణుంచి ఆటోలో గొల్లపల్లి వెళ్లాను. మా ఆవిడ కందిపప్పు తెమ్మని పంపితే సందు చివరిదాకా వెళ్లని మనిషిని. అక్కడ ఒకే పనస దుంగలోంచి కుండా దండీ కలిపి తొలుస్తారు, ఏకాండీ వీణ. ఉలి పట్టుకున్న పెద్దాయన ముందు డీటీపీ కాగితం పరిచాను. పొట్టు దులుపుకుని చూశాడు, కాగితం తలకిందులు చేసి చూశాడు.

"సేత్తాం బాబూ. దుంగకి కుడేటి, ఎడమేటి? కాపోతే ఆయమ్మ వాయిస్తాదో లేదో ముందు కనుక్కోండి."

కందిపప్పు మర్చిపోయి తిరిగొచ్చాను.

ఆ రాత్రి, పాత సంచికలు ఎలా ఉండేవో చూద్దామని నాన్న ట్రంకుపెట్టె తెరిచాను. అడుగున ఒక సభ సంచిక దొరికింది. నీలం రంగు నాసిరకం కాగితం, మధ్యన అచ్చక్షరాల్లో సభ పేరు, కింద సంవత్సరం, అంతే. మిగతా అట్టంతా ఖాళీ. ఆ ఖాళీలో నాన్న పెన్సిలు రాత. బస్సు ఇంత, టిక్కెట్టు ఇంత, చెల్లాయి మందు ఇంత. కూడి, కింద గీత గీసి, గీత కింద "తోడి - మళ్లీ వినాలి" అని రాసుకున్నాడు. ఎవరి తోడో రాయలేదు. మళ్లీ విన్నాడో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఆయన పాట వింటాడన్న సంగతే మా ఇంట్లో ఎవరికీ పట్టేది కాదు.

నిన్న మా సంచిక వచ్చింది. అట్టకి తళతళలాడే లామినేషను. ఎందుకో తెలీదు, పెన్సిలు తీసి మూలన గీసి చూశాను. జారిపోయింది, గీత పడలేదు.

కుండ మాత్రం ఎడంపక్కకి వచ్చింది. మెట్లు ఇరవైరెండు. మిగతా రెండూ దాతగారి చెవి వెనక ఉండాలి.