తాత డ్యూటీ

ఇంట్లో పెళ్ళి మాట్లాడుతున్నా, చావు మాట్లాడుతున్నా మా మామ ఎలాగోలా ఒకే మాట దగ్గరికి వచ్చి చేరతాడు: "బెంగళూరు కంటే ముందు మాకు కరెంటొచ్చింది, తెలుసునా?" అబద్ధం కాదు. 1902లో శివనసముద్రం దగ్గర కావేరి నీళ్ళతో పుట్టిన కరెంటు 92 మైళ్ళ తీగ మీద నేరుగా కోలారు బంగారు గనులకు వచ్చింది. ఆ రోజుల్లో లోకంలోనే అంత పొడుగు లైను అరుదు. బెంగళూరు వీధిలో దీపం వెలగడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. ఆ పనికి పూనుకున్న దివాన్ శేషాద్రి అయ్యర్, పాపం, అది పూర్తయ్యేలోపే పోయాడు. మామ ఆయన్ని సొంత మేనమామలా తలుచుకుంటాడు. 2001 ఫిబ్రవరిలో గనులు మూసేదాకా అందులోనే చేశాడు. ఏం పని చేసేవాడివని అడిగితే మాత్రం "అండర్‌గ్రౌండు" అని ఊరుకుంటాడు.

ఆ కరెంటు పుట్టిన చోటు చూడకుండానే పోతానేమో అని ఆయన బెంగ. సరేనని టెంపో మాట్లాడుకుని, ఒక ఆదివారం తెల్లవారకముందే అండర్సన్‌పేట నుంచి బయల్దేరాం. అత్త సణుగుతూనే ఎక్కింది. ఆవేళ మా వీధికి ట్యాంకరొచ్చే రోజు. వాకిట్లో నీలం డ్రమ్ములకు మూతలు తీసిపెట్టి, పక్కింటావిడ చేతిలో దుడ్లు పెట్టి, "వస్తే నింపించమ్మా" అని టెంపో కిటికీలోంచి కూడా చెప్పింది.

శివనసముద్రం ఒక లంక. కావేరి రెండు పాయలై దాన్ని చుట్టి, ఒక పక్క గగనచుక్కిగా, ఇంకో పక్క భరచుక్కిగా దూకుతుంది. మధ్యలో రంగనాథుడి గుడి. శ్రీరంగపట్నంలో ఆదిరంగడు, శ్రీరంగంలో అంత్యరంగడు, ఇక్కడ మధ్యరంగడు. ముగ్గురూ కావేరి లంకల్లోనే. "దేవుడు కూడా నీళ్ళ వసతి చూసుకునే కాపురం పెట్టినాడు" అంది అత్త, హారతి కళ్ళకద్దుకుంటూ.

బెంగళూరు తాగే కావేరి నీళ్ళు ఈ చుట్టుపక్కల నుంచే పోతాయి. ఆ ఊరు వాడి వదిలేసిన నీళ్ళను శుద్ధి చేసి, 2018 నుంచి మా కోలారు చెరువులకు పంపిస్తున్నారు. కావేరికీ మాకూ ఇప్పుడు మిగిలిన చుట్టరికం అదీ.

భరచుక్కి దగ్గర నది నిండుగా ఉంది, పుట్టీలు ఆపేశారు. మెట్ల మీద నిలబడితేనే తుంపరకు తడిసిపోయాం. అత్త కొంగు పిండి, కింద రాతి మీద పారిపోతున్న ఆ దోసెడు నీళ్ళకేసి కాసేపు చూసింది. అప్పుడే ఫోను మోగింది, పక్కింటావిడ. ట్యాంకరు రాలేదంట, మోటారు కాలిందంట, రేపో ఎల్లుండో.

నా కూతురు తాత చెయ్యి ఊపుతూ, "ఇన్ని నీళ్ళుంటే మనకెందుకు రావు తాతా?" అంది.

"రాకేం? ఏండ్ల తరబడి వచ్చినాయి. ఈడ దూకి, కరెంటై, తీగ మీద మన గనికాడికి వచ్చినాయి." మామ గొంతు జలపాతాన్ని మించి పలికింది.

"ఆ కరెంటుతో ఏం చేసేవాళ్ళు?"

"ఏం చేసేవాళ్ళమా! మనుషుల్ని లోపలికి దింపేవాళ్ళం, రాయి పొడి కొట్టేవాళ్ళం..."

"నువ్వు?"

మామ నది వైపు తిరిగాడు. కొంగు ఇంకోసారి పిండుకుంటూ అత్తే చెప్పింది:

"మీ తాతది పంపుకాడ డ్యూటీ. గనిలో ఊరే నీళ్ళు తోడి, బయట పారబోసేవాడు."