ఆదివారం సమర్పయామి

మా కంపెనీ ఏటా ఒకసారి మమ్మల్ని సంతోషపెడుతుంది. ఎప్పుడు సంతోషించాలో నెల ముందే మెయిల్ వస్తుంది. శనివారం తెల్లవారుజామున అయిదున్నరకి మియాపూర్‌లో బస్సు, ఆదివారం రాత్రికి తిరుగుముఖం. రావడం పూర్తిగా స్వచ్ఛందం. రాలేనివాళ్ళు మాత్రం కారణం రాసి, మేనేజర్‌ని కాపీలో పెట్టి, బుధవారంలోగా పంపాలి.

అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. మా కంపెనీ అల్లుడు ఇంకాస్త ముదురు. అత్తసొమ్ము అత్తకే దానం చేసి, ఆ ఫొటో లింక్డిన్‌లో పెడతాడు.

ఈసారి వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలు. హైదరాబాద్‌కి సుమారు 75 కిలోమీటర్లు. మూసీ పుట్టేది అక్కడే. అనంత పద్మనాభస్వామి గుడి ఉంది, అడవి ఉంది, వానాకాలమైతే మబ్బులు చెట్ల మీదికి దిగుతాయి. అవేవీ మేం చూడలేదు. మేం చూసింది రిసార్టులో బాంక్వెట్ హాలు. దాని తెరలు మూసేసి, ఏసీ పెట్టి, వచ్చే మూడు క్వార్టర్లలో మనం ఎటు పోతున్నామో 38 స్లైడ్లలో చూపించారు.

తర్వాత టీషర్టులు. వీపు మీద ‘ఒకే జట్టు, ఒకే కల’ అని ఉంది. నాకు డబుల్ ఎక్సెల్ వచ్చింది. మా టీమ్‌లోకెల్లా భారీ మనిషికి మీడియం వచ్చింది. మార్చుకుందామంటే ఆయనది ఎర్ర జట్టు, నాది నీలం జట్టు. పాపం, మధ్యాహ్నం దాకా ఒక చేత్తో తాడు లాగుతూ రెండో చేత్తో చొక్కా బొడ్డు మీదికి లాక్కుంటూనే ఉన్నాడు.

తాడు అయ్యాక నమ్మకం. కళ్ళు మూసుకుని వెల్లకిలా పడాలి, వెనకున్నవాళ్ళు పట్టుకోవాలి. నా వెనక నిలబడింది మా మేనేజర్. నిరుడు అప్రైజల్‌కి ముందు ఆయన్ని నమ్మి ఒకసారి పడ్డాను. అప్పుడు కింద గడ్డి కూడా లేదు.

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు అందరం ల్యాప్‌టాప్‌లు మోసుకెళ్ళాం, ‘ఎందుకైనా మంచిది’ అన్నారని. రాత్రి డీజే మోగుతుండగా పిల్లి అరిచింది. ఈతకొలను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒకమ్మాయి, ఒళ్ళో తువ్వాలు, దాని మీద ల్యాప్‌టాప్, పడిపోయిన సర్వర్‌ని లేపుతూ రెండింటిదాకా కూర్చుంది. మర్నాడు గ్రూపులో ఆ ఫొటోకే ఎక్కువ చప్పట్లు.

నలుగురితో కలిసి తినడం నాకు పడదని కాదు. చిన్నప్పుడు కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద వీధి వీధంతా వనభోజనాలకి చేరేవాళ్ళం. ఒకరింటి పులిహోర, ఒకరింటి పప్పు, ఇంకొకరింటి గోంగూర. గోంగూర బాగా చేసినావిడకి ‘బెస్ట్ పెర్ఫార్మర్’ కప్పు ఎవరూ ఇవ్వలేదు. ఆవిడ గిన్నె ముందు ఖాళీ అయ్యేది, అంతే.

ముగింపు ఉపన్యాసంలో పెద్దాయన ‘మనమంతా ఒక కుటుంబం’ అన్నారు. కుటుంబాలని వెంట తేవద్దని మెయిల్లో రాసిందీ వాళ్ళే. నా పక్కనున్నావిడ మూడేళ్ళ కూతుర్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ఫోన్‌లో పాప ఏడుస్తోంది. ఇక రోజూ మాకు టీ ఇచ్చే బాబాయి, గేటు దగ్గర పేర్లు రాసుకునే సెక్యూరిటీ, బాత్రూములు కడిగే అమ్మ – వీళ్ళెవరికీ బస్సులో సీటు లేదు. వాళ్ళు కాంట్రాక్టర్ మనుషులట. కుటుంబంలోకి రారట.

అసలు మేం సమర్పించుకున్న ఈ ఆదివారం సెలవు ఎవరో జాలిపడి ఇచ్చింది కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో కార్మికులకి వారానికో రోజు విశ్రాంతి కావాలని నారాయణ్ మేఘాజీ లోఖండే 1884 నుంచి సభలు పెట్టి, అర్జీలు రాసి పోరాడితే, 1890లోగాని మిల్లు యజమానులు దిగిరాలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం వారపు సెలవుని రాసిపెట్టింది, అదనపు గంటలకి రెట్టింపు కూలీ ఇమ్మంది. తాడు లాగడం అదనపు పని కాదు గనక మాకు రెట్టింపు బదులు టీషర్టు.

సోమవారం పొద్దున తొమ్మిదికల్లా అందరం సీట్లలో ఉన్నాం. మొదటి మెయిల్ సర్వే: ‘మీకు ఎంత హాయిగా అనిపించింది? ఒకటి నుంచి అయిదు లోపు చెప్పండి.’ దిగువన, పేరు రాయడం తప్పనిసరి.

హెచ్.ఆర్. వారికి నా విన్నపం. వచ్చే ఏడాది బస్సుని శుక్రవారం పొద్దున తొమ్మిదికి బయల్దేరదీసి, సాయంత్రం ఆరుకి దింపెయ్యండి. టీ బాబాయికి కిటికీ పక్క సీటివ్వండి. నాకు టీషర్టు అక్కర్లేదు.