చదవని పేజీ

మా చెల్లెలి మ్యాక్ మినీని బాగు చేసింది నేనే. అందులో నాలుగేళ్లుగా దాచుకున్న పాటల్ని చెరిపేసిందీ నేనే. రెండూ ఒకే రాత్రి జరిగాయి.

తను జానపద గేయాల మీద పరిశోధన చేస్తోంది. ఊళ్లు తిరిగి, ముసలమ్మల పక్కన కూర్చుని తిరగలి పాటలు, ఊడుపు పాటలు పాడించుకుని రికార్డు చేసింది. అవన్నీ 2020లో వచ్చిన ఎం1 మ్యాక్ మినీలో ఉండేవి. ఒకరోజు అది అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయింది. మినీలో బ్యాటరీ ఉండదు. కరెంటు వచ్చాక ఎన్నిసార్లు బటన్ నొక్కినా స్క్రీన్ నల్లగానే ఉంది.

"సర్వీస్ సెంటర్‌కి సోమవారం రమ్మన్నారు, అందాకా ఆగుదాం అన్నయ్యా" అంది. నేను ఆగలేదు. మా ఇళ్లలో ఏ కంప్యూటర్ మొరాయించినా నన్నే పిలుస్తారు. ఆ పేరు పోగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది.

ఐపీఎస్‌డబ్ల్యూ ఫైలు డౌన్‌లోడుకి పెట్టాను. ఫర్మ్‌వేర్, సిస్టమ్ అంతా అందులోనే ఉంటుంది. 13 జీబీ పైమాటే. రాత్రి పదింటికి మొదలైంది ఒంటిగంట దాటాక గానీ పూర్తికాలేదు. ఆ మూడు గంటలూ శాతాలు పెరగడం చూస్తూ కూర్చున్నాను. ఏం చేయాలో, దేనివల్ల ఏం జరుగుతుందో యాపిల్ వాళ్లు రాసిన పేజీ పక్క ట్యాబులోనే తెరిచి ఉంది. పది నిమిషాల్లో చదివేయొచ్చు. నాకు తెలుసులే అనుకున్నాను.

మినీని నా ల్యాప్‌టాప్‌కి కలపడానికి మొదట పెట్టిన థండర్‌బోల్ట్ కేబుల్‌ని అది గుర్తించలేదు. చార్జింగ్‌కి వాడే మామూలు టైప్ సీ కేబుల్‌తో కలిపాను. మినీ పవర్ వైరు పీకి, బటన్ నొక్కిపట్టి, వైరు మళ్లీ పెడితే నా ల్యాప్‌టాప్‌లోని యాపిల్ కాన్ఫిగరేటర్‌లో ‘డీఎఫ్‌యూ’ అని పెద్ద గడి ప్రత్యక్షమైంది. సంతోషం పట్టలేక ఫైలుని లాగి దాని మీద వదిలాను. రిస్టోర్ చేయమంటావా అని అడిగింది. సరే అన్నాను.

అదే కాన్ఫిగరేటర్‌లో రివైవ్ అని ఇంకొకటి ఉంది. అది ఫర్మ్‌వేర్‌నీ రికవరీ భాగాన్నీ మాత్రమే కొత్తగా వేస్తుంది, మన ఫైళ్ల జోలికి పోదు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయిన మెషీన్‌కి ముందు చేసి చూడాల్సింది అదే. రిస్టోర్ మొత్తం తుడిచేసి మొదటినుంచి వేస్తుంది. ఆ పేజీలో ఈ తేడా స్పష్టంగా రాసి ఉంది.

తెల్లవారుజామున స్క్రీన్ మీద ‘హలో’ అని పడింది. చెల్లెల్ని నిద్రలేపి మరీ ఫోన్లో చెప్పాను, వచ్చేసిందమ్మా అని.

"పాటలున్నాయా అన్నయ్యా?"

అప్పటిదాకా ఆ ప్రశ్న నా బుర్రలోకే రాలేదు. అందులో ఏమున్నాయి, ఇంకెక్కడైనా కాపీ ఉందా అని పని మొదలుపెట్టేముందు అడగాల్సింది నేను. అడగలేదు. పోయిన డేటా వెలికితీసేవాళ్ల దగ్గరికి వెళ్లాను. ఎం1లో డిస్కు మీద ఉన్నదంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, దాన్ని విప్పే తాళంచెవి చిప్పులోనే ఉంటుంది, రిస్టోర్‌తో ఆ తాళంచెవి పోతుంది, ఇక ఎవరివల్లా కాదు అన్నారు.

అరవై మూడు పాటల్లో, తను గైడుకి మెయిల్ చేసిన పంతొమ్మిదే మిగిలాయి. చెల్లెలు నన్నొక్క మాట అనలేదు. తన నోటు పుస్తకం తెచ్చుకుని కూర్చుంది. వరసగా నంబరు, పాడినావిడ పేరు, ఊరు, వయసు. మళ్లీ వెళ్లి పాడించుకోగలిగిన వాళ్ల పేర్ల పక్కన పెన్సిలుతో చుక్క పెట్టుకుంటూ పోయింది. నలభై ఒకటో నంబరు దగ్గర పెన్సిలు ఆగింది. ఆవిడ పోయిన కార్తీకంలో కాలం చేసింది.

ఆ పాటను గుర్తున్నంత వరకు చెల్లెలే పాడింది, నేను రికార్డు చేశాను. ఆ ఫైలు ఇప్పుడు మూడు చోట్ల ఉంది. మూడో చరణం సగంలో ఆగిపోతుంది.